సోమవారం బ్యాండులో ఒకటి వస్తే ఒకటి పోవాలి

మన వాళ్ళ పిల్లలు ఈ మధ్య సంగీతం వైపు వెళుతున్నారు. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఒకటి చేతిలో పెట్టుకునే వెళుతున్నారనుకోండి, అయినా వెళుతున్నారు. వాళ్ళలో కొందరు నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, జాజ్ బ్యాండ్‌లో అన్నేళ్ళు మీరు ఏం చేశారు?" అని అడుగుతుంటారు. వాయించానని చెబితే వినడానికి బాగుంటుంది కానీ, నేను ఒక్క రోజూ వాయించలేదు. న్యూజెర్సీలో పార్సిప్పనీకి దగ్గర్లో ప్రతి సోమవారం ఒక హాల్లో వాయించే పదహారు మంది బ్యాండుకి 2001 నుంచి 2015 దాకా లైబ్రేరియన్‌గా, మేనేజర్‌గా పనిచేశాను. నేను చేరేసరికే దానికి పాతికేళ్ళు దాటాయి. నేను మానేసే నాటికి అది నిన్న మొన్న పుట్టిన బ్యాండులా వాయిస్తోంది. అందులో నా చెయ్యి కూడా ఉంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

చేరడం మాత్రం గొప్పగా ఏమీ జరగలేదు. ఆ ఏడాది టెలికాం కంపెనీలన్నీ కుప్పకూలాయి. నేను టెస్టర్‌గా పనిచేసే కంపెనీ మా ఫ్లోర్ మొత్తాన్నీ ఒకే మధ్యాహ్నం ఇంటికి పంపించింది. లైబ్రరీ నోటీసు బోర్డులో బ్యాండుకి పార్ట్ టైమ్ లైబ్రేరియన్ కావాలని చూసి ఫోన్ చేశాను. పుస్తకాలు సర్దే పనేమో అనుకున్నాను. మావారు విని పడీ పడీ నవ్వారు.

"ఎం.ఎస్సీ. మ్యాథ్స్ చేసి బ్యాండ్ మేళంలో చేరతావా రాజీ? రేపు తెలుగు అసోసియేషన్ వాళ్ళు పెళ్ళిళ్ళకి బుక్ చేసుకుంటామంటారు చూడు!"

ఆయన నోటి చలవ, ఆ సంక్రాంతి పార్టీలోనే ఇద్దరు అడిగారు.

ఈ ఉద్యోగం అసలు ఏమిటి

జాజ్ బిగ్ బ్యాండ్ అంటే శాక్సోఫోన్లు ఒక వరస, పొడుగాటి గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే ట్రాంబోన్లు ఒక వరస, ట్రంపెట్లు ఒక వరస, పక్కన పియానో, బేస్, డ్రమ్స్. ఒక్కో పాటకి ఒక్కో మనిషి వాయించాల్సింది విడిగా కాగితం మీద రాసి ఉంటుంది. దాన్ని పార్టు అంటారు. ఆ పార్టులు చిరగకుండా, మారిపోకుండా, ఎవరివి వాళ్ళ ఫోల్డర్‌లో ఉండేలా చూడడం లైబ్రేరియన్ పని. ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ళ బదులు ఇంకొకర్ని పిలవడం మేనేజర్ పని. చిన్న బ్యాండు కాబట్టి రెండూ నేనే. చిన్నప్పుడు కాకినాడలో నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను గానీ ఇక్కడి నొటేషన్ నాకు కోడిగీతల్లా కనిపించేది. హైస్కూల్ పిల్లల పుస్తకం కొనుక్కుని మొదటి నుంచీ నేర్చుకున్నాను.

బదులు మనిషిని పిలిచే విషయంలో ఒక మాట రాసిపెట్టుకోండి. అందరికంటే బాగా వాయించేవాణ్ణి పిలవకండి. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినేవాణ్ణి పిలవండి. మొదటివాడు వస్తే ఆ సాయంత్రం ఒక మనిషి మెరుస్తాడు. రెండోవాడు వస్తే బ్యాండు మెరుస్తుంది.

బ్యాండు పెట్టింది వాల్టర్. ట్రంపెట్ వాయించేవారు. నేను చేరేనాటికి డెబ్భై దాటాయి. పొడుగ్గా, వంగిపోయి, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు ఉండేవారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి సోమవారం ఇంటర్వెల్ తరవాత మొదటి పాట ఎవరూ ఎన్నడూ చూడనిది అయివుండాలి. నేను పార్టులు బోర్లా పెట్టేదాన్ని. ఆయన చిటిక వేయగానే అందరూ తిప్పి, జనం ముందే మొదటిసారి చదువుతూ వాయించేవాళ్ళు. రిహార్సల్ లేదు, రెండో అవకాశం లేదు.

మరుసటి సోమవారం హాలు తెరవకముందు ఆ పాట మీద చేతులెత్తి ఓటు వేసేవాళ్ళు. నెగ్గితే ఫోల్డర్‌లోకి వస్తుంది. కానీ ఫోల్డర్‌లో ఉండేది వంద పాటలే. కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి పోవాలి. ఏది పోవాలో లీడర్ చెబితే దాని మీదా ఓటే. పోయిన పాట వాల్టర్ ఇంటి బేస్‌మెంట్‌లో పెట్టెలోకి చేరుతుంది. ఇక తిరిగి రాదు. ఓట్లు చెరి సగమైతే లైబ్రేరియన్ చెయ్యి ఎత్తాలి. పదేళ్ళ పాటు నాకు ఆ అవసరం రాలేదు.

చేరిన కొత్తలో అడిగాను. "నూట ఒకటి పెట్టుకుంటే ఏమవుతుంది? ఫోల్డర్‌లో చోటుందిగా."

"ఫోల్డర్‌లో ఉంది రాజ్, మనిషిలో లేదు," అన్నారు వాల్టర్. "అలవాటైన పాటలే వాయించడం చాలా సుఖంగా ఉంటుంది. ఆ సుఖం మరిగితే ఇక మనల్ని ఎవరూ లేపలేరు."

ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను. ఇక ముందు కూడా అంతే.

తప్పు లేకుండా వాయించిన తప్పు

డెనీస్ ఆల్టో శాక్సోఫోన్ వాయించేది. బ్యాండులో నాకు మొదట దగ్గరైన మనిషి. పాటలు కూడా బాగా రాసేది. ఒకసారి చాలా కష్టమైన పాట రాసి, అందరూ జనం ముందు తడబడతారేమోనని జాలిపడి, నాకూ వాల్టర్‌కీ చెప్పకుండా మిగతావాళ్ళకి పార్టులన్నీ ముందుగానే ఈమెయిల్‌లో పంపించింది. వాళ్ళు కూడా గుట్టుగా ఇళ్ళల్లో ప్రాక్టీస్ చేసుకుని వచ్చారు. సోమవారం నేను యథాప్రకారం కాగితాలు బోర్లా పెట్టాను. వాల్టర్ చిటిక వేశారు. అందరూ తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టి, ఒక్క తప్పు లేకుండా వాయించేశారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వాల్టర్ మాత్రం ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. అంతా అయ్యాక డెనీస్‌ని పిలిచి ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"మధ్యలో ట్రాంబోన్లు వాయించింది ఎలా ఉంది?"

ఆ పాట రాసింది తనే. కానీ వాయించేటప్పుడు తన పార్టు తప్ప ఏమీ వినలేదు. ఆయన పియానో మనిషిని అడిగారు, డ్రమ్మర్‌ని అడిగారు. ఎవరూ ఎవర్నీ వినలేదు. ఈమెయిల్ సంగతి అప్పుడు బయటపడింది.

"మొదటిసారి చదివేటప్పుడు భయం వేస్తుంది. భయం వేసినవాడు పక్కవాణ్ణి వింటాడు, ఎక్కడున్నామో తెలుసుకోవడానికి," అన్నారు ఆయన. "నువ్వు వాళ్ళ భయం తీసేశావు. దాంతోపాటు చెవులు కూడా తీసేశావు."

మరుసటి వారం ఓటులో ఆ పాటకి డెనీస్ కూడా చెయ్యి ఎత్తలేదు. పందొమ్మిదేళ్ళు టెస్టర్‌గా పనిచేసి, తప్పు లేకపోతే పని బాగున్నట్టేనని నమ్మిన దాన్ని నేను. ఆ సోమవారం ఆ నమ్మకం పోయింది. పోవడమే మంచిదైంది. మీరు ఏ ఉద్యోగంలో ఉన్నా సరే, అంతా మరీ సాఫీగా జరిగిపోతుంటే ఎవరో వినడం మానేశారని అనుమానించండి.

తబలా వినబడే మొహం

2008లో ట్రాంబోన్ కుర్చీ ఖాళీ అయితే ఆడిషన్‌కి వచ్చినవాళ్ళలో మన అమ్మాయి కనిపించింది. పేరు స్వప్న. వర్జీనియాలో హెర్న్‌డన్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళమ్మ డాటాబేస్ అడ్మినిస్ట్రేటర్, నాన్న ప్రాజెక్ట్ మేనేజర్, ఈ పిల్ల ట్రాంబోన్. నన్ను చూడగానే "హాయ్ ఆంటీ" అంది. తను చక్కగా విని వాయిస్తుంది కాబట్టి కుర్చీ తనకే వచ్చింది. నేను ఆ ఓటులో లేనని మనవి. కాకపోతే ఒక ప్రమాదం జరిగింది. నెల తిరిగేసరికి అరవై ఏళ్ళ బేస్ మనిషితో సహా పదహారు మందీ నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టారు.

హాలు మేనేజర్ అని ఒకాయన ఉండేవారు. ఆయన మాకు బాస్ కాదు, కానీ సోమవారాలు ఆయన చేతిలో ఉన్నాయి కనక బాస్ లెక్కే. చెడ్డవాడేం కాదు. ఖాళీ కుర్చీ కనిపిస్తే ఆయనకి నిద్ర పట్టదు, అంతే. స్వప్న పాట రాస్తోందని తెలిసి నా దగ్గరికి వచ్చి, "ఇండియన్‌గా, కలర్‌ఫుల్‌గా ఏదైనా రాయమనండి, పోస్టర్ వేద్దాం," అన్నారు. నేను మొహమాటానికి ఆ మాట స్వప్నకి చేరవేశాను.

"నో ఆంటీ. నేను అది రాయను," అంది తన ముక్కల తెలుగులో. "వాళ్ళు నా ఫేస్ చూసి తబలా వింటారు. నేను ట్రాంబోన్ కదా."

ఆ మాటకి తిరుగు లేదు. తరవాత రెండేళ్ళలో తను రాసిన వాటిలో మూడు ఫోల్డర్‌లోకి వచ్చాయి. ఒక్కదానిలోనూ తబలా లేదు. పిల్లలూ, మీ మొహం చూసి జనం ఏదో వినబోతారు. విననివ్వండి. మీరు రాయాల్సింది మాత్రం మీరే రాయండి.

మిమిక్రీ

2011 చలికాలంలో వాల్టర్ పోయారు. ముందు సోమవారం కూడా వచ్చి వాయించి వెళ్ళారు. డెనీస్ లీడర్ అయింది. ట్రంపెట్ కుర్చీ హెక్టర్‌కి వచ్చింది.

వాల్టర్ పాట ఒకటుంది. పేరు 'మేరియన్ వంటగది'. మేరియన్ ఆయన భార్య. పెళ్ళైన కొత్తలో ఆవిడ వంటగదిలో బల్ల మీద కూర్చుని రాశారట. ప్రతి సోమవారం చివర అదే వాయించేవాళ్ళు. ఫోల్డర్‌లోంచి దాన్ని తీసేద్దామని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు. ఎందుకంటే అందులో వాల్టర్ ఒంటరిగా వాయించే భాగం ఏ వారానికావారం కొత్తగా ఉండేది. ఒక వారం పోట్లాడినట్టు, ఒక వారం బతిమాలినట్టు. మేరియన్ ముందు వరసలో కూర్చుని, ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలిసిపోతోందన్నట్టు మొహం పక్కకి తిప్పుకునేవారు.

ఆయన పోయాక జనం విరగబడి వచ్చారు. హాలు మేనేజర్ వాల్టర్ ఫోటోతో పెద్ద పోస్టర్ వేయించి, ఒక షరతు పెట్టారు. ఆఖరి పాట ప్రతి వారం అదే ఉండాలి, ట్రంపెట్ భాగం వాల్టర్ వాయించిన పాత రికార్డులో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే సోమవారాలు ఇంకెవరికైనా ఇచ్చేస్తానన్నారు. జనం దానికోసమే వస్తున్నారని ఆయన లెక్క. ఆ లెక్క నిజమే కూడా. హెక్టర్ రికార్డు విని, వాల్టర్ ఊపిరి ఎక్కడ తీసుకున్నారో అక్కడే తీసుకునేంతగా నేర్చుకుని ఏడాది పైగా వాయించాడు. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం హెక్టర్ నా దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, నేను మ్యూజిషియన్‌ని అనుకుని చేరాను. ఇప్పుడు పోయిన మనిషిని అనుకరించే పని చేస్తున్నాను. నన్ను వదిలెయ్యండి."

మన తెలుగులో దానికి మిమిక్రీ అని చక్కటి మాట ఉంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోతే ఫోటోకి దండ వేసి గోడకి తగిలిస్తాం. మంచిదే. కానీ ఆ ఫోటోని ఉద్యోగానికి పంపించం కదా! మేము ప్రతి సోమవారం చేస్తున్నది అదే. హెక్టర్‌ని నాలుగు వారాలు ఆగమన్నాను.

ఆ నాలుగు వారాల్లోనే స్వప్న 'పార్కింగ్ లాట్' తెచ్చింది. చాలా నెమ్మదైన పాట. సగం దాకా డ్రమ్స్ లేవు. ట్రాంబోన్లు మాత్రమే, ఒకదాని వెనక ఒకటి, ఎవరో వస్తారని కారులో కూర్చుని ఎదురుచూస్తున్నట్టు. ఒకచోట అందరూ ఆగిపోవాలి, ఎంతసేపో పార్టులో రాయలేదు. పదహారు మందీ ఒకర్నొకరు చూసుకుంటూ ఆగారు. హాల్లో ఎవరూ దగ్గలేదు. ఎవరు ముందు మొదలుపెట్టారో నాకిప్పటికీ తెలియదు, అందరూ కలిసే మొదలుపెట్టారు. ఆ క్షణంలో నాకు వాల్టర్ ఉన్నట్టే అనిపించింది, ఆయన పాట వాయించేటప్పుడు ఏనాడూ అనిపించనంతగా.

మరుసటి సోమవారం ఓటు. 'పార్కింగ్ లాట్' లోపలికి రావాలని అన్ని చేతులూ లేచాయి.

"బయటికి వెళ్ళాల్సింది 'మేరియన్ వంటగది'," అంది డెనీస్.

అది వాయించకపోతే హాలు పోతుందని అందరికీ తెలుసు. వాయిస్తూ పోతే బ్యాండు పోతుందని కూడా తెలుసు. ఓట్లు చెరి సగమయ్యాయి. అందరూ నావైపు చూశారు. నేను ఒక వారం గడువు అడిగాను.

మేరియన్ వంటగదిలో

శనివారం, తోడొస్తానన్న డెనీస్‌ని రావద్దని చెప్పి నేనొక్కదాన్నే మేరియన్ ఇంటికి డ్రైవ్ చేశాను. ఆవిడ వంటగదిలోనే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాను. హెక్టర్ అన్న మాట, స్వప్న పాట, ఓట్లు, అన్నీ. ఆవిడ "పర్వాలేదు, తీసెయ్యండి" అంటారని, ఆ బరువు నా నెత్తి మీంచి దిగిపోతుందని నా ఆశ.

అన్నీ విని ఆవిడ అడిగారు.

"నా పర్మిషన్ కోసం వచ్చావా?"

"అవును," అన్నాను.

"ఇవ్వను. వారానికి ఒక్కసారి ఆయన్ని వింటున్నాను. అది కూడా తీసేసుకుంటానంటే సరే అని నేనెందుకు అంటాను?" ఆవిడ టీ కప్పు పక్కకి జరిపారు. "ఓటు నీది రాజ్. నాది కాదు. నా మీద పెట్టకు."

ఇంటికి వచ్చి మావారికి చెబితే, "ఆవిడ ఉన్నన్నాళ్ళు ఉంచెయ్యండి, మీ సొమ్మేం పోయింది?" అన్నారు. మంచి మనిషి మాట అది. సోమవారం దాకా ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. ఆవిడ మీద నాకున్నది జాలి. కానీ ఇవతల పదహారు మంది ఉన్నారు, ఆగిపోయి ఒకర్నొకరు చూసుకున్న పదహారు మంది. వాళ్ళని బొమ్మలుగా నిలబెట్టే హక్కు నా జాలికి లేదనిపించింది. సోమవారం సాయంత్రం తీసెయ్యాలని చెయ్యి ఎత్తాను. తరవాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

ఆ పార్టుల పెట్టె పట్టుకుని బేస్‌మెంట్‌లో పెట్టడానికి వెళితే మేరియన్ తలుపు తీశారు. దారి ఇచ్చారు, మాట ఇవ్వలేదు. ఆ తరవాత మూడేళ్ళు ఒక్క సోమవారం కూడా రాలేదు.

హాలు మేనేజర్ అన్నంత పనీ చేశారు. నెల తిరగకుండా సోమవారాలు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన పని కుర్చీలు నింపడం. నేను పక్క ఊరి హైస్కూల్ వాళ్ళని బతిమాలి వాళ్ళ ఆడిటోరియం సంపాదించాను. మొదటి సోమవారం స్టేజి మీద మనుషులు ఎక్కువ, కింద తక్కువ. "ఆంటీ, మనం వాళ్ళ కోసం వాయించాలా, వాళ్ళు మన కోసమా?" అని హెక్టర్ జోక్ వేశాడు. నన్ను వదిలెయ్యండి అన్న మనిషి జోకులు వేస్తున్నాడు, నాకు అది చాలు.

తరవాత ఆ స్కూలు పిల్లలే రావడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు జనం ముందు భయపడుతూ చదవడం చూడడం వాళ్ళకి సరదా. ఆ పిల్లలు అమ్మానాన్నల్ని తెచ్చారు, వాళ్ళు చుట్టుపక్కల వాళ్ళని తెచ్చారు. 2014 వచ్చేసరికి కుర్చీలు చాలక కొందరు వెనక నిలబడి వినేవాళ్ళు. కొత్త పాటలు పంపేవాళ్ళు ఎక్కువై, ఏది ఎప్పుడు పెట్టాలో తేల్చడమే నాకు పెద్ద పనైంది. నలభై ఏళ్ళ బ్యాండుల్లో అలాంటి తలనొప్పి ఎన్నింటికి దొరుకుతుంది చెప్పండి?

నా ఆఖరి సోమవారం

2015 వేసవిలో మానేశాను. ఆ సాయంత్రం ఆడిటోరియం తలుపు దగ్గర నిలబడి ఉంటే చేతికర్రతో మేరియన్ లోపలికి వచ్చారు. ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. "నువ్వూ కూర్చో," అన్నారు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి కచేరీలో కూర్చున్నాను.

వాయించినవాటిలో వాల్టర్ రాసినది ఒక్కటీ లేదు. వాయించేవాళ్ళలో సగం మందిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇంటర్వెల్ తరవాత కొత్త పాట తిప్పారు. మధ్యలో హెక్టర్ ఒకచోట దారి తప్పాడు. శాక్సోఫోన్లు అది విని కాస్త నెమ్మదించాయి, స్వప్న తన ట్రాంబోన్ల వరసతో స్వరం పెంచి అతనికి చోటు చూపించింది, అతను అక్కడ దూరాడు, పాట మళ్ళీ నడిచింది. రాసిన దానికంటే అదే బాగుంది. స్టేజి మీద అందరూ నవ్వుతూ వాయిస్తున్నారు. మేరియన్ మొహం పక్కకి తిప్పుకున్నారు.

పాట అయ్యాక జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే ఆవిడ నావైపు వంగారు.

"నా వంటగది తీసేసినందుకు నీ మీద నాకింకా కోపమే," అన్నారు. "పోయేదాకా ఉంటుంది. ఆ సంగతి నువ్వు తెలుసుకోవాలి."

"తెలుసు," అన్నాను.

ఆవిడ స్టేజి వైపు చూస్తూ కర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "కానీ వాల్టర్ బ్యాండు ఇవాళ చాలా బాగా వాయించింది."